రాయచూరు అడ్రసు

ఆ రోజుల్లో, అంటే ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తల్లో, నాకు కోపం ముక్కు మీదే ఉండేది. (రెండు మూడేళ్ల కిందటి సంగతికి 'ఆ రోజుల్లో' ఏమిటని నవ్వకండి. అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు గానీ లోకాన్ని బాగుచేసే బాధ్యత మాత్రం వచ్చేసింది.) గద్వాలలో డిగ్రీ చదువుతున్నాను. అమ్మ అంతకుముందు ధరూర్ పక్క పొలాల్లో కూలికి పోయేది. బస్సు ఉచితమనగానే గద్వాల గోదాములో పత్తి విత్తనాలు ఏరే పనికి కుదిరింది. నీడపట్టున కూర్చునే పని, ఎండాకాలంలోనూ దొరికే పని. కాకపోతే రోజూ చార్జీలు పెట్టుకుంటే ఆ కూలిలో మిగిలేది ఏమీ ఉండదు.

మొదటిరోజు ఇద్దరం కలిసే బస్సెక్కాం. కండక్టరమ్మ అమ్మ ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది రాయచూరు అడ్రసమ్మా. మన రాష్ట్రపోల్లకే జీరో టికెట్. పైసలియ్యి."

"నేను గీ ఊర్లనే పుట్టిన బిడ్డా, గీడ్నే నన్ను ఇచ్చిన్రు. ఇటుక బట్టీల పనికి రెండేండ్లు గాడికి పోతిమి, అంతే. గంతకే నన్ను కన్నడామెను చేస్తివా?"

"నేనేం చేస్తనమ్మా, రూలు గట్లుంది."

ఓటరు కార్డు చూపిద్దామంటే అది మా రేకుల ఇంట్లో వానకు తడిసి, అందులో ఉన్నది మనిషో మబ్బో తెలియకుండా ఉంది. ఇక నేను లేచాను. బతకలేక వలస పోయినవాళ్లకు సొంతూరు లేకుండా పోతుందా? ఊళ్లో కదలకుండా కూర్చునే స్తోమత ఉన్నవాళ్లకేనా సర్కారు సాయం? (ఆ మాటల్లో ఒక్కటి కూడా ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కర్ణాటకలోనూ ఆడవాళ్లకు బస్సు ఉచితమేనట. అంటే మా అమ్మ లేనిచోట ఆమెకు ఉచితం, ఉన్నచోట టికెట్!) గద్వాల వచ్చేదాకా ఆపలేదు. "అసలు గా అడ్రసు రాసిన దద్దమ్మ దొరకాలె, చెప్త వాని సంగతి!" అని ముగించాను. వెనక సీట్లో పెద్దమ్మ ఒకామె "పోరడు మంచిగ మాట్లాడుతుండు, లీడరైతడు" అంది. అమ్మ మాత్రం చెంగు ముడి విప్పి టికెట్ తీసుకుంది.

పదిరోజులు అలా కొనుక్కుని తిరిగి, "గిట్లయితే పని మానేస్త" అంది. మర్నాడే అడ్రసు మార్పించడానికి ఆధార్ సెంటరుకు తీసుకుపోయాను. కౌంటర్లో పాత కాగితాలడిగితే అమ్మ పాలిథిన్ కవరులోంచి రాయచూరులో ఆధార్ కోసం పెట్టిన దరఖాస్తు నకలు తీసింది. ఇంగ్లీషు పెద్దక్షరాలు, ముత్యాల్లాంటి చేతిరాత. నాదే! తొమ్మిదో తరగతి సెలవుల్లో బట్టీ దగ్గరికి వెళ్లినప్పుడు, ఎక్కడుంటే అదే అడ్రసు కదా అని నేనే నింపి, అమ్మతో వేలిముద్ర వేయించాను.

"నీకు ముందే తెల్సానే?"

"తెల్వకేం? నువ్వు రాస్తుంటె పక్కనే కూసుంటి గద, నా కొడుకు ఎంత మంచిగ రాస్తుండని."

"మరి బస్సుల చెప్పకపోతివి?"

"అంతమంది నిన్ను లీడరంటుండ్రి. గప్పుడెట్ల చెప్పాలె రా?"

అడ్రసు మారింది, అమ్మ పని నిలబడింది. 'రూలు గట్లుంది' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా ఆ బస్సులో గొంతు చించుకున్న కుర్రాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఉపన్యాసం విన్న ఆడవాళ్లందరిలో టికెట్ కొన్నది మా అమ్మ ఒక్కతే.