అమ్మ వాటా సంగటి

తడిపలక వాసన నాకు ఇప్పటికీ గిట్టదు. మొన్న మార్కాపురంలో పలకలు కోసే షెడ్ల పక్కగా నడుస్తుంటే ఎవరో రాతిమీద నీళ్లు గుమ్మరించారు. ఆ చల్లని మట్టివాసన ముక్కుకు తగలగానే వసుంధరక్క గుర్తొచ్చింది. ఆమెతోపాటే పాత మంటా లేచింది. మనిషి పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లమీద అసూయపడటం మర్యాద కాదని నాకూ తెలుసు. కాని నా బతుక్కి దారి చూపించింది ఆవిడే, మా అమ్మలో కొంత భాగాన్ని నాకు దక్కకుండా పట్టుకుపోయిందీ ఆవిడే. దండం పెట్టాలో దెప్పిపొడవాలో తేల్చుకోలేక ఇన్నేళ్లుగా రెండూ చేస్తూ వస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొద్ది సంవత్సరాలే అయిన రోజులవి. మా తాలూకాలు అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఏ ప్రాంతంవాళ్లు ఏం తింటున్నారు, వాళ్లకు ఏ జబ్బులు వస్తున్నాయి అని చూడటానికి తెనాలివైపు నుంచి వసుంధరక్క సర్వే ఉద్యోగంమీద బేస్తవారిపేట దగ్గరున్న మా ఊరికి వచ్చింది. నేను స్కూల్ ఫైనల్ ముగించి ఇంట్లో ఉన్నాను. ఊళ్లో చదువుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి నన్ను సాయానికి పెట్టుకుంది. మా ఇంటి ముందుగదిలోనే బస. వచ్చిన వారానికే మా అమ్మ చెన్నమ్మ పెరుగుమీది మీగడ తీసి ఆవిడకు దాచడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ మీగడ నాది.

వండకముందు గింజలు తూచి, వండాక ఎవరెంత తిన్నారో చూసుకోవడం మా పని. కాగితం కనిపిస్తే ఊళ్లో ఆడవాళ్లు నోరు మెదిపేవాళ్లు కాదు, ఏ పన్ను వేయడానికి వచ్చారో అని భయం. అందుకని వసుంధరక్క మార్కాపురం పలక ఒకటి కొన్నది. తూకాలు దానిమీద రాసి, సాయంత్రం కాగితానికి ఎక్కించేది. అత్త సాధింపులు, మొగుడి కోపాలు మాటల్లో దొర్లితే చెప్పినవాళ్ల కళ్లెదుటే తడిగుడ్డతో తుడిచేసేది. ఎట్లాగూ తుడిచేదే కదా అని వాళ్లు కడుపులో ఉన్నదంతా చెప్పేవాళ్లు. నేను పుట్టి పెరిగిన ఊళ్లో నాకు ఒక్కరూ చెప్పని సంగతులు ఆవిడ బలపం పట్టుకుంటే చాలు బయటికొచ్చేవి.

మొదట గొర్రెలు కాసుకునే ఓబులమ్మ ఇంటికి వెళ్లాం. వరన్నం, కందిపప్పు, నెయ్యి. అన్నీ తూచి సంబరంగా రాశాను. వసుంధరక్క మాత్రం కుండవంక చూసి నవ్వింది.

"అత్తా, మేం రాకపోతే ఇవాళ ఏం వండేదానివి?"

"మీరొస్తే వరన్నం వండకుండా ఎట్లమ్మా? మా పరువేం గావాల?" అన్నది ఓబులమ్మ.

"రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. ఎన్నాళ్లని వండుతావు?"

నిజంగానే వెళ్లింది. నాలుగు రోజులు తిరిగేసరికి ఓబులమ్మకు మొహమాటం తీరి, జొన్న సంగటి కుండమీద మూత తీసింది. చుట్టాలొస్తేనే వరి వండుతారని నాకు తెలియక కాదు, అది చెప్పాల్సిన విషయమని తోచలేదంతే. కాని ఆ రోజు ఓబులమ్మ తన చేత్తో ముద్ద చేసి వసుంధరక్కకు పెట్టింది. పక్కన కూర్చున్న నాకు, "నీకు తెలవని సంగటా ఏంది" అని చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం తిరిగి వస్తూ ఆవిడ నాకు జపాన్ సంగతి చెప్పింది. "జపాన్‌లో అందరూ ఒకే తిండి తింటారనుకుంటాం ఈశ్వరీ. ఉత్తరాన చలి ఎక్కువ, ఉప్పులో ఊరేసిన కూరలు, ఉప్పుచేపలు తింటారు. దక్షిణాన చిలగడదుంపలు తిని బతికే పల్లెలున్నాయి. కడుపులో వచ్చే కాన్సర్ అన్నిచోట్లా ఒకేలా లేదట. తిండివల్లనా, ఇంకేదైనా కారణమా అని అక్కడి డాక్టర్లు వెతుకుతున్నారు."

"మనకెందుకక్కా జపాను గొడవ?"

"గిద్దలూరువైపు జొన్నలు, దర్శి దాటి తూర్పుకు పోతే వరి. మనదీ ఒకే రాష్ట్రమే గాని ఒకే కుండ కాదుగా. ఎవరు ఏం తింటున్నారో సరిగా తెలియకుండా జబ్బు సంగతి మాట్లాడితే అబద్ధమైపోతుంది."

ఇంత మాట నేను చెప్పగలిగితే ఎంత బాగుండునని కుళ్లుకుంటూ దారి పొడుగునా దాన్ని వల్లె వేసుకున్నాను. ఇంటికి రాగానే అమ్మ ముందు కూర్చుని గొప్పగా అందుకున్నాను. సగంలోనే అమ్మ చేట తిప్పుతూ అన్నది, "ఉప్పుచేపల సంగతే గదా? ఆ పాప పొద్దున్నే జెప్పిందిలే."

పాప! నన్ను పిలిచే పిలుపు అది. దాన్ని కూడా ఆవిడకు ఇచ్చేసింది.

చివరికి మా ఇంటి వంతు వచ్చింది. నాయన ముద్ద, అన్నల ముద్దలు, నాది అన్నీ తూచి పలకమీద రాశాను. కుండలో మిగిలింది తూచి అమ్మ పేరు కింద వేశాను. వసుంధరక్క నా చేతిలోని బలపం తీసుకుంది.

"పిన్ని తినడం చూశావా?"

"చూసేదేముందక్కా? మిగిలింది మాయమ్మదే గదా."

"మిగిలింది కుండది. పిన్నిది ఎలా అవుతుంది?" అని, "నువ్వు వెళ్లి అరుగుమీద కూర్చో" అన్నది.

మా ఇంట్లోంచి నన్నే బయటికి పంపింది. అందరూ తిని లేచాక మా అమ్మ తినే వేళ అది. ఆ వేళలో అమ్మ దగ్గర నేను ఎన్నడూ కూర్చోలేదు, మా ఊళ్లో ఏ కూతురూ కూర్చునేది కాదు. అయినా ఆ చోటు నాదేనన్నట్టు ఒళ్లు మండిపోయింది. తలుపు వారగా వేసి ఉంది. ముందు అమ్మ నవ్వు వినిపించింది. ఆ తర్వాత గొంతు తగ్గింది.

"ముద్ద లోపలికి పోతే నిలవడం లేదు పాపా. ఎండలు పోయినకాడి నుంచి ఇట్లే ఉంది. గంజిలో ఇంత ఉప్పు, ఊరగాయ రసం కలుపుకొని తాగుతుండా. నా సంగటి గొడ్డుకు ఏస్తుండా."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా పిన్నీ?"

"ఎవురికి జెప్పేది? కడుపు చించుకుంటే కాళ్లమీద పడతది. ఈశ్వరికి తెలిస్తే నీతో తిరగడం మానుకొని పొయికాడ కూచుంటది." మళ్లీ అమ్మే అడిగింది, "ఆ జపానోళ్ల మాదిరి, నా ఊరగాయ వల్లనే వచ్చిందా?"

"తెలియదు పిన్నీ. తెలియని మాట చెప్పను. కాని డాక్టరు చూడాలి."

"సరేలే. రాసిందంతా తుడిచెయ్."

"ఇది తుడవను పిన్నీ."

ఆ సాయంత్రమే ఆవిడ నాయనకు చెప్పేసింది. నాయన గొర్రెల మందనుంచి అప్పుడే వచ్చినాడు. "ఆడోళ్లకు కడుపునొప్పి కొత్తా అమ్మా? వాము నమిలితే తగ్గుతది" అన్నాడు. "ఇన్ని నెలలూ వామే నమిలింది బాబాయిగారూ, కర్నూలు తీసుకెళ్దాం" అన్నది ఆవిడ. నాయన రుమాలు తీసి మోకాలిమీద పెట్టుకుని, సరేనన్నాడు. నేను వెంటనే అమ్మ చీరలు మూట కట్టబోతే అమ్మ ఆపింది. "నువ్వు ఇంటికాడ ఉండు. మీ నాయనకు పూట గడవదు. నాతో ఆ పాప వస్తదిలే."

కంభం స్టేషన్‌దాకా బండిలో వెళ్లాను. నంద్యాల పోయే రైలు వచ్చింది. నాయన వాళ్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. రైలు కదలకముందే అమ్మ వసుంధరక్క భుజంమీద తల ఆన్చి కళ్లు మూసుకుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, మా అమ్మకు పొరుగింటి కూతురు రుచి అయింది అనుకున్నాను. అమ్మకు ఏమవుతుందో అన్న భయం కంటే ఆ భుజం నాది కాదన్న బాధే ఆ క్షణాన ఎక్కువగా ఉండింది. ఉన్నమాట చెప్తున్నాను.

కర్నూలు పెద్దాసుపత్రిలో కోసి చూశారు. కడుపులో కాన్సర్, ఆలస్యమైందన్నారు. అమ్మ ఇంటికి తిరిగొచ్చి మరుసటి ఏడు జొన్నకోతల దాకా ఉంది. వసుంధరక్క వేరే తాలూకాకు మారినా వీలు దొరికినప్పుడల్లా వచ్చేది. బస్సు వచ్చే వేళకు అమ్మ మంచం వాకిలివైపు వేయమనేది. గంజి కాచేది నేను, ఒళ్లు తుడిచేది నేను, అమ్మ చూపులు మాత్రం బాటమీద. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాను.

"నాకెందుకు జెప్పలేదుమా? నేను కూతుర్ని గాదా?"

నాకోసమే దాచాననీ, నేను పని మానుకుంటానని భయపడ్డాననీ, నా మొహంమీద ఆ మాట చెబుతుందని ఆశపడ్డాను. అమ్మ నావైపు మామూలుగానే చూసింది. ఆ చూపులో నిష్ఠూరమేమీ లేదు.

"ఆ పాప అడిగింది" అని, నీళ్లిమ్మంది.

అమ్మ పోయాక వసుంధరక్కే వెంటపడి నన్ను గ్రామసేవిక ట్రైనింగుకు పంపింది. తర్వాత చాలా ఏళ్లకు, ఆవిడ జుట్టు నెరిశాక, ఒకసారి కడుపులో మాట కక్కేశాను. "మాయమ్మ నాకంటే నీతోనే ఎక్కువ మాట్లాడింది అక్కా." ఆవిడ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మా అమ్మ ఏం తినేదో నేనెప్పుడూ అడగలేదు ఈశ్వరీ" అన్నది. జాలేసింది. అయినా నా మంట చల్లారలేదు.

ఉద్యోగంలో చేరినప్పటినుంచి నేను ఏ ఇంట్లోనూ మిగిలినదాన్ని తల్లి పేరున రాయలేదు. ఆమె కంచం ముందు కూర్చునేదాకా ఆగడం నాకు వసుంధరక్క అంటించిన జబ్బు. ఒకసారి పెద్దారవీడు దగ్గర ఒక పల్లెలో, పదిహేడేళ్ల పిల్ల ఒకతె గడపలో నిలబడి తల్లి బదులు తనే జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. నేను వినిపించుకోకుండా తల్లివైపు తిరిగేసరికి ఆ పిల్ల మొహం ముడుచుకుపోయింది. నన్ను చూసిన ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను కలం మూసేశాను.

"నేను అడగను. నువ్వే అడుగు మీయమ్మను" అన్నాను.

పిల్ల సిగ్గుపడి నవ్వింది. తర్వాత తల్లి పక్కన గొంతుక్కూర్చుని, "నిన్నట్నుంచి ఏం తిన్న్యావుమా?" అన్నది.

ఆ తల్లి చేతిలో చీపురు కింద పెట్టింది. ఇదేం ప్రశ్న అన్నట్టు నావంకా కూతురివంకా చూసింది. ఆపైన కూతురివైపే తిరిగి నెమ్మదిగా చెప్పసాగింది. ఆ పిల్లమీద నాకు కలిగినంత అసూయ వసుంధరక్కమీద కూడా ఎన్నడూ కలగలేదు.