బండ తట్టనిదే కూర్చోని బావ

మా శాఖా గ్రంథాలయంలో బొగ్గు గురించి పుస్తకాలున్నాయి, చేపల గురించీ ఉన్నాయి. దాదాపు అన్నీ చదివాను. బొగ్గు ఎత్తే ఇద్దరు మనుషులు ఒకే గాలంతో వంతులేసుకుని చేపలు పట్టిన సంగతి మాత్రం ఎందులోనూ లేదు. బెల్లంపల్లిలో మేము దిగిన గని మూతపడింది. చేత్తో బొగ్గు టబ్బులు నింపే పనే లేకుండా పోయింది. ఆ పని నేర్పిన అలవాట్లు మాతోనే పోతాయి. రాయడానికి ఓపిక తక్కువే, అయినా ఇది ఎక్కడో ఒకచోట ఉండాలని రాసిపెడుతున్నాను.

బడి చదువు నాకు ఏడో తరగతితో ఆగింది. మిగిలిందంతా లైబ్రరీలోనే. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి, కళ్ల అంచుల్లో బొగ్గు పూర్తిగా పోకముందే వెళ్లి కూర్చునేవాణ్ణి. అక్కడే బీరువా కింది అరలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. చలి దేశాల ఏరుల్లో ట్రౌట్ అనే చేపను పట్టే పద్ధతి అందులో ఉంది. వాళ్లు మనలా ఎర్రలు, అంటే వానపాములు, గుచ్చరు. గాలానికి కోడి ఈకలు, దారం చుట్టి ఈగలా తయారుచేసి, నీటి మీద వాలినట్టు విసురుతారు. ఎండలు తగ్గి, చలి ఇంకా రాని రోజులు అందుకు మంచివట. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వానాకాలమంతా ఆ పుస్తకమే చదివాను. మన వెచ్చని నీళ్లలో ఆ చేప బతకదని కూడా తెలుసుకున్నాను. అయితే మనకు కొర్రమట్ట ఉంది. కప్ప కదిలినా, పురుగు వాలినా మీదపడి మింగుతుంది. దానికి ఈక చాలదా అనుకున్నాను.

గనిలో నా జోడీని బావా అని పిలిచేవాణ్ణి. చుట్టం కాదు, వాళ్ల పెద్దలు మరాఠీ ఊళ్ల నుంచి పనికి వచ్చినవాళ్లు. ఏళ్ల తరబడి ఒకే టబ్బు నింపినవాళ్లకు వరుస దానంతటదే కలుస్తుంది. ఒకరు పారతో ఎత్తుతుంటే ఇంకొకరు ఊపిరి తీసుకోవాలి, తర్వాత వంతు మారాలి. చేపలకు వెళ్లే వాగు దగ్గరా అంతే. ఇద్దరికీ ఒకే గాలపు కర్ర. రెండోది కొనాలన్న ఆలోచనే మాకు రాలేదు. ఎవరి వంతులో పడినా చేప సగం సగం.

గని నేర్పింది ఇంకొకటి ఉంది. తలపైన బండ ఉంటే కింద కూర్చునే ముందు దాన్ని కర్రతో తట్టాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే అక్కడ నిలబడకూడదు. మేము జైనూరు రోడ్డు మీద బస్సు దిగి, జొన్నచేల గట్ల మీదుగా నడిచి వెళ్లే మడుగు మీదికి ఒక బండ చూరులా వంగి ఉంటుంది. నీడంతా దాని కిందే, చేపలన్నీ అక్కడే. బావ వెళ్లగానే చేతికర్రతో ఆ బండను నాలుగు చోట్ల తట్టేవాడు. మడుగు ఖాళీ అయ్యేది. చేపకు పక్కల మీద ఒక గీత ఉంటుందని, నీటిలో చిన్న అదురు కూడా దానితో తెలుస్తుందని పుస్తకం చూపించి మరీ చెప్పాను.

"చేపకు గీత ఉన్నది, నాకు నెత్తి ఉన్నది. బండకు నీ పుస్తకం తెల్వదు బావా," అన్నాడు.

ఎర్రలకు పరక చేపలు పడేవి, జెల్లలు పడేవి. నా ఈకకు ఒక్కటీ పడలేదు. "ఈకలేసి చేపను పడుతడట. రేపు పొలుసులేసి కోడిని గూడ పడుతడు," అని బావ బస్సులో కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేసేవాడు.

పోయిన ఏడాది బతుకమ్మ పండుగకు ముందు నీళ్లు తేటపడ్డాయి. అప్పటికే బావకు దమ్ము ఆడటం లేదు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి చంద్రాపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలని తేలింది. వెళ్లేలోగా నా ఈకకు చేప పడటం ఒక్కసారి చూడాలన్నాడు. నాకూ అంతకంటే కోరిక లేదు. వాళ్లావిడను నేను అక్కా అంటాను. ఆమె చాలాసేపు వద్దని, చివరికి నాతో అంది: "చేప పడ్డా పడకున్నా, పొద్దుగూకక ముందు మనిషిని తెచ్చి అప్పజెప్పు తమ్మీ."

గట్ల మీద ప్రతి మలుపులో ఆగాం. కొర్రమట్ట కూడా గాలి పీల్చడానికి నీటి పైకి రావాల్సిందేనని మాట కలపడానికి చెప్పాను. "దానికి గట్లు ఎక్కుడు లేదు గదా," అన్నాడు బావ. దారిలో ఒక గోండు ఇంటి ఇల్లాలు మంచం వాల్చి నీళ్లిచ్చింది.

మడుగు చేరాక బావ నేరుగా బండ కిందికి వెళ్లి కూర్చున్నాడు. తట్టలేదు. చేతికర్ర ఒడిలోనే ఉంది. కూర్చోవడానికే ఉన్న ఊపిరంతా అయిపోయింది.

మడుగు కదలలేదు. బండ అంచున ఒక సుడి లేచింది. ఈక విసిరాను. మెత్తగా వాలింది. దాని కింద నల్లని నీడ ఒకటి పైకి వచ్చి ఆగింది. తొందరపడొద్దని పుస్తకం చెప్పింది, ఆగాను. చూస్తున్నాడా అని బావ వైపు తిరిగాను. ఆయన నీళ్ల వైపు చూడటం లేదు. తల ఎత్తి బండనే చూస్తున్నాడు.

గాలపు కర్రను రాళ్ల మధ్య గుచ్చాను. ఆయన ఒడిలోంచి చేతికర్ర తీసుకుని బండను నాలుగు చోట్లా తట్టాను. చివరిది సరిగ్గా ఆయన తల పైన. నీడ మాయమైంది.

"ఖంగుమన్నది," అన్నాడు బావ. అప్పుడు నీళ్ల వైపు చూశాడు. "పోయిందా?"

"పోయింది."

"సరే తియ్. ఇగ నా వంతు," అని చేయి చాపాడు.

బయలుదేరేదాకా ఆ ఈకే వేసి పట్టుకుని కూర్చున్నాడు. ఏమీ పడలేదు. పొద్దుండగానే అక్కకు అప్పజెప్పాను.

ఈ ఏడూ నీళ్లు తేటపడ్డాయి. గాలపు కర్ర గోడకే ఆనించి ఉంది. ఇద్దరి వంతులూ ఒక్కణ్ణే తీసుకోవడం నాకు చేతకావడం లేదు.

ఇక్కడ పేర్లు రాయడం లేదు. ఎవరి సంగతో వాళ్లకు తెలుస్తుంది. ఆ పుస్తకాన్ని గడువు దాటినా అడగని లైబ్రేరియన్ గారికి, పుంజు మెడ ఈకలు విడిగా దాచి ఉంచిన చికెన్ కొట్టు తమ్ముడికి, మంచం వాల్చిన ఇల్లాలికి, మనిషిని నమ్మి పంపిన అక్కకు రుణపడి ఉన్నాను. చంద్రాపూర్ నుంచి ఫోనులో రెండు మాటలకే ఆయాసపడుతూ, ఈక గట్టిగా కట్టినవా లేదా అని ఇప్పటికీ అడిగే బావకు కూడా.