మడ్‌గార్డు సీటు కాదు

ట్రాక్టరు ఆగిపోవడం నాకు ముందు చెవికి తెలిసింది. అన్నం క్యారేజీ పట్టుకుని డొంకలో నడుస్తున్నాను. మా చేను ఇంకా కొంచెం దూరంలో ఉంది. గట్టు ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా గుర్రుమని, దిగాక మళ్ళీ మామూలవుతుంది. ఆ రోజు గుర్రుమని ఠక్కున ఆగిపోయింది. డీజిల్ అయిపోయిందేమో అనుకున్నాను. అంతలో మా ఆయన గొంతు వినపడింది. మాటలు కావు, అరుపు. క్యారేజీ ఎక్కడ పడేశానో నాకు తెలియదు.

మాది జగ్గయ్యపేట దగ్గర పల్లె. పత్తి, మిరప వేస్తాం. నేను చెప్పేది డెబ్భయ్యో దశకం చివరి మాట. అప్పటికి మా ఊళ్ళో మూడే ట్రాక్టర్లు, మూడోది మాది. మా అమ్మాయి భారతికి తొమ్మిదేళ్ళు. ఆ రోజు బడి లేదు. ఇంట్లో ఉంటే నాకు పని సాగనివ్వదు. అందుకని పొద్దున్నే నేనే దాని చంకల కింద చేతులు వేసి ఎత్తి, పెద్ద టైరు పైన మడ్‌గార్డు మీద కూర్చోబెట్టాను. "గట్టిగా పట్టుకో" అన్నాను. ఆ ఒక్క మాటతో తల్లిగా నా పని అయిపోయిందనుకున్నాను. అంతకుముందు ఎన్నోసార్లు అలాగే కూర్చోబెట్టాను. ఊళ్ళో అందరూ అంతే.

మా ఆయన వేగంగా తోలలేదు. తాగి తోలలేదు. ఫస్టు గేరులో, మనిషి నడిచేంత నెమ్మదిగా గట్టు ఎక్కించాడు. బండి ఒక పక్కకి ఒరిగింది. పిల్ల చేయి జారి టైరు ముందు పడింది. ఆయన బ్రేకు తొక్కేసరికే టైరు దాని ఎడమ కాలి మీద ఉంది. ఆగిపోయిన ఇంజను మళ్ళీ స్టార్టు చేసి, రివర్సు చేసి కాలు బయటికి తీశాడు. నేను వెళ్ళేసరికి పిల్ల ఏడవడం లేదు. పెదవులు తెల్లగా పాలిపోయి తండ్రి ముఖంలోకి చూస్తోంది. కింద మెత్తటి దుక్కి కావడంతో కాలు మట్టిలో కూరుకుపోయింది. పైన చర్మం అక్కడక్కడా గీసుకుపోయిందంతే. అదే మమ్మల్ని మోసం చేసింది.

రోడ్డు దాకా మోసుకొచ్చి నందిగామ బస్సెక్కాం. మా అత్తయ్య కూడా వచ్చింది. బస్సులోనే నా చెవిలో చెప్పింది.

"బండి మీంచి పడిందని చెబుదాం. ఎడ్లబండి మీంచి. టైరెక్కిందంటే పోలీసు కేసవుద్ది. నా కొడుకుని స్టేషన్లో కూచోబెడతారు. నువ్వు నోరెత్తమాక."

మా ఆయన వినీ విననట్టు కిటికీలోంచి చూస్తున్నాడు. నేను సరేనన్నాను.

నందిగామలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే తీయించి, "టిబియా, ఫిబులా, మోకాలి కింద ఎముకలు రెండూ విరిగాయి. ఎలా పడింది?" అని అడిగాడు.

"ఎడ్లబండి మీంచండి" అంది అత్తయ్య.

డాక్టరు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన ఎముకలు సరిచేసి, తొడ దాకా పిండికట్టు వేశాడు. "పిల్లల ఎముక త్వరగా అతుక్కుంటుంది, భయం లేదు. కానీ వేళ్ళు చల్లబడినా, రంగు మారినా వెంటనే తీసుకురండి" అన్నాడు. మేము చెప్పిన దాన్ని బట్టి ఆయన చేయాల్సింది ఆయన చేశాడు. ఇది ఇక్కడే స్పష్టంగా చెబుతున్నాను. తప్పు మాది.

ఇంటికొచ్చాక పిల్ల ఏడుపు ఆగలేదు. "అమ్మా, కట్టు బిగిసిపోతోందే. లోపల ఎవరో పిసుకుతున్నట్టుందే" అని ఒకటే మాట. ఎముక విరిగితే నొప్పి ఉండదా అంది అత్తయ్య. మర్నాడంతా అదే ఏడుపు. కట్టు బయటికి కనిపించే వేళ్ళు ఉబ్బాయి. మూడో రోజు పొద్దున పిల్ల నెమ్మదించింది.

"ఇప్పుడు నొప్పి లేదమ్మా" అంది.

అత్తయ్య దేవుడికి దండం పెట్టుకుంది. మా ఆయన ఆ మూడు రోజుల్లో మొదటిసారి కాఫీ తాగాడు. నేను పిల్ల బొటనవేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. కొస నీలంగా ఉంది. గోటితో గిల్లాను.

"తెలుస్తోందా?"

"ఏంటమ్మా?" అంది.

ఇంకోసారి గట్టిగా గిల్లాను. పిల్ల నా ముఖం చూస్తోంది తప్ప కాలు వైపు చూడటం లేదు. నొప్పి తగ్గలేదు, కాలికి నొప్పి తెలియడమే మానేసిందని అప్పుడు నాకు అర్థమైంది.

మళ్ళీ నందిగామ. డాక్టరు కట్టు కోసి చూసి ముఖం మాడ్చుకున్నాడు. "బండి మీంచి పడితే ఇంత వాపు రాదమ్మా" అన్నాడు. మా ఇంట్లోవాళ్ళు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆయన చీటీ రాసిచ్చి వెంటనే విజయవాడ పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. విజయవాడ బస్సులో పిల్ల తల నా ఒళ్ళో ఉంది. కంచికచర్ల దాటేసరికి దాని ఒళ్ళు కాలిపోతోంది. ఆ బస్సులో నాలో ఏదో తెగిపోయింది. ఎవరి కొడుకుని ఎవరు కాపాడుతున్నారు? నా కూతుర్ని ఎవరు కాపాడుతున్నారు?

విజయవాడలో సర్జన్ పెద్దాయన. చీటీ చదివి, కాలు చూసి, "నిజం చెప్పండి. ఏం జరిగింది?" అన్నాడు.

"ఎడ్లబండి..." అని మొదలుపెట్టింది అత్తయ్య.

"కాదండి" అన్నాను. "ట్రాక్టరు వెనక టైరెక్కిందండి. తోలింది పిల్ల తండ్రి. దాని మీద ఎక్కించింది నేను."

వార్డులో నలుగురూ తిరిగి చూశారు. అత్తయ్య నా చేయి గిల్లింది. నేను చేయి లాక్కున్నాను.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఇది క్రష్ ఇంజురీ అమ్మా. చర్మం కింద కండంతా నలిగిపోయింది. వాపు వస్తుందని ముందే తెలిస్తే మొదటి రోజే పిండికట్టు వేసేవాళ్ళు కాదు. రక్తం ఆడకుండా మూడు రోజులు గడిచిపోయాయి. ఇప్పుడు ఎంత బతికుందో చూడాలి" అన్నాడు. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళి కాలు రెండు పక్కలా కోసి వాపుకి దారి ఇచ్చారు. రెండు రోజులు చూశారు. పాదం నల్లబడింది. వాసన మొదలైంది.

"గాంగ్రీన్. ఇది పైకి పాకితే పిల్ల దక్కదు. మోకాలి కింద యాంపుటేషన్ చేయాలి. మోకాలు నిలబెట్టగలిగితే రేపు పెట్టుడు కాలుతో బాగా నడుస్తుంది. సంతకం ఎవరు పెడతారు?"

మా ఆయన పెన్ను పట్టుకున్నాడు. మొదటి అక్షరం రాసి, పెన్ను కాగితం మీద పెట్టేశాడు. అత్తయ్య అడ్డం వచ్చింది.

"ఆడపిల్లకి కాలు తీసేస్తే ఎవడు చేసుకుంటాడే? దానికంటే దేవుడే..."

"అత్తయ్యా, ఆ మాట పూర్తి చేయమాక" అన్నాను. అంతవరకూ ఆమెతో నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. "నేనిక్కడికి పిల్లని బతికించుకోడానికొచ్చా. పెళ్ళి చేయడానికి రాలా."

పెన్ను తీసుకుని నేనే సంతకం పెట్టాను. అయిదో తరగతి చదువు. గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా పెట్టాను.

మెలకువ వచ్చాక పిల్ల దుప్పటి ఒక పక్క చదునుగా ఉండటం చూసింది. వార్డులో వాళ్ళు "కట్టు లోపల ఉందిలే" అని చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఒక్క అబద్ధానికి ఎంత ఖరీదో చూశాను. "కాలు తీసేశారమ్మా. తీయకపోతే నువ్వు బతకవన్నారు. నేనే తీయమన్నా" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "నాన్నని కొట్టమాకండి" అంది. ఎవరు కొడతారమ్మా అని అడిగాను. "పోలీసులు. నాయనమ్మ చెప్పింది" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ మూడు రోజులూ ఎవరడిగినా బండి మీంచి పడ్డానని చెప్పింది అందుకేనని అప్పుడు తెలిసింది.

ఆ పోలీసు సంగతి కూడా రాస్తాను. ఆసుపత్రి నుంచి కబురు వెళ్ళింది. కానిస్టేబుల్ వచ్చి నా మాట రాసుకున్నాడు. మా ఆయన స్టేషనుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ సాయంత్రమే బస్సులో ఆసుపత్రికి తిరిగొచ్చాడు. తర్వాత కొన్నాళ్ళు పిలిచినప్పుడల్లా వెళ్ళొచ్చాడు. మేము భయపడి చచ్చింది దానికి. దాన్ని తప్పించడానికి కాలు ఇచ్చుకున్నాం.

కోలుకోవడం తిన్నగా జరగలేదు. కుట్లలో ఇన్ఫెక్షన్ వచ్చి మళ్ళీ విప్పారు. తొడ నుంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. లేని బొటనవేలు మంట పెడుతోందని పిల్ల ఏడిస్తే, మతి చలించిందేమోనని భయపడ్డాను. నర్సమ్మ నవ్వి, "ఫాంటమ్ పెయిన్ అంటారు. అందరికీ వస్తుంది. ఆ నొప్పి నిజమే, కాలే లేదు" అంది. ఏళ్ళ తరబడి ఆ వేలు దాన్ని సతాయించింది.

ఇంకో సంగతి మాకెవరూ ముందు చెప్పలేదు. పెరిగే పిల్లలకి కాలు తీసేస్తే ఎముక పెరుగుతూనే ఉంటుంది. పైన చర్మం అంత పెరగదు. పన్నెండో ఏట మిగిలిన కాలి కొస నుంచి ఎముక మొన తేలింది. మళ్ళీ ఆపరేషన్. పదిహేనో ఏట ఇంకోటి. పెట్టుడు కాలు కూడా పిల్ల ఎదిగే కొద్దీ పొట్టిదైపోయేది. లంగా ఓణీలు మార్చినట్టు కాళ్ళు మార్చాం.

ఊరు మాత్రం ఒకే మాట పట్టుకుంది. గ్రహచారం అన్నారు. దిష్టి అన్నారు. పూర్వజన్మ అన్నారు. ఓదార్చడానికి వచ్చిన ఒక పెద్దాయనకి ఎదురు చెప్పాను: "గ్రహాలు ట్రాక్టరు తోల్లేదండి. పిల్లని ఎత్తి టైరు మీద పెట్టింది నా చేతులు." పొగరన్నారు. అననీండి. గ్రహచారం అని ఒప్పుకుంటే రేపు ఇంకో పిల్ల ఎక్కుతుంది. నా తప్పు అని చెబితే కనీసం ఒక తల్లి ఆగుతుంది.

బడి హెడ్మాస్టరు, "ఇంట్లోనే ఉంచండమ్మా, పిల్లలు గేలి చేస్తారు" అన్నాడు. "గేలి చేసేవాళ్ళకి చెప్పండి సారూ, ఇంట్లో ఉండమని" అన్నాను. మర్నాడు చంక కర్రలతో భారతిని బడి గుమ్మం దాకా నేనే నడిపించాను. లోపలికి అదే వెళ్ళింది.

మా ఆయన ఆ పంటకారంతా ట్రాక్టరు ముట్టలేదు. కొట్టంలో దాని పక్కన కూర్చుని ఉండేవాడు. ఒక రోజు నేనే చెప్పాను. "నువ్వు తోలకపోతే కాలు తిరిగిరాదు. మనం తిండి లేక పోతాం. తోలు. కానీ దాని మీద ఇంకో మనిషి కూచోకూడదు." జగ్గయ్యపేట తీసుకెళ్ళి రెండు మడ్‌గార్డుల మీదా ఏటవాలుగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేయించాడు. వెల్డరు నవ్వి, "చుట్టాలొస్తే ఎక్కడ కూచోబెడతారండీ?" అన్నాడట. "నడిపిస్తా" అన్నాడట మా ఆయన. నవ్వు మరిచిన మనిషి ఆ మాట నాకు చెబుతూ కొంచెం నవ్వాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. మిరపకోతలప్పుడు, తిరునాళ్ళప్పుడు మడ్‌గార్డు మీద పిల్లలతో ట్రాక్టరు కనిపిస్తే దారికి అడ్డం నిలబడతాను. ఒకడు, "మెల్లగా తోలతాలే అక్కా" అన్నాడు. "మా ఆయనా మెల్లగానే తోలాడయ్యా" అన్నాను. వాడు ఇంజను ఆపాడు. పిల్లల్ని దింపి నా వెంట తీసుకొచ్చాను. తిట్టినవాళ్ళున్నారు. నా మీద నుంచి తోలినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

ఇప్పుడు భారతికి పంతొమ్మిదేళ్ళు. రోజూ బస్సెక్కి నందిగామ కాలేజీకి వెళ్తోంది. ఎవరైనా జాలిపడి సీటు ఇస్తే, "నాకు నిలబడటం వచ్చండీ" అంటుంది. అది మర్యాద కాదని చెప్పి చూశాను, వినదు. నా కూతురే.

దుక్కుల రోజుల్లో మా అరుగు మీద ఏడెనిమిదిమంది పిల్లలుంటారు. ట్రాక్టర్లున్న ఇళ్ళవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు పొద్దున్నే దించి వెళ్తారు. వాళ్ళని చూసుకునేది మా అత్తయ్య. ఆ బస్సులో అన్న మాట గురించి ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. మొన్న ఒక కుర్ర తండ్రి ట్రాక్టరు అరుగు ముందు ఆపి, "మావాణ్ణి ఒక్క రౌండు తిప్పుకొస్తా, పంపించవే నాయనమ్మా" అన్నాడు. అత్తయ్య ఆ పిల్లాడి చేయి వదల్లేదు సరిగదా, "నీ బిడ్డని నీకే ఇవ్వనురా. ఇంజను ఆపి, దిగి, నడిచొచ్చి తీసుకుపో" అంది.

నేను చెప్పేది కూడా అదే. పిల్లల్ని ట్రాక్టరు ఎక్కించొద్దు అంటే చాలదు. మనం ఎక్కించేది ముద్దుకి కాదు, వాళ్ళని చూసేవాళ్ళు లేక. అందుకని దుక్కి మొదలుపెట్టే ముందు రోజే, పిల్లని ఎవరి దగ్గర దించాలో చూసుకోండి. ఎవరూ దొరక్కపోతే ఆ రోజు దుక్కి ఆపండి. చేను రేపు కూడా అక్కడే ఉంటుంది.