బొట్టు పెట్టని పనిముట్టు

రేపల్లె నుంచి వచ్చిన మనిషి మా బడి వసారాలో నిలబడి "అచ్యుతరామయ్య మాస్టారు పోయారండి" అన్నాడు. నాకు తెలుగు నేర్పిన గురువు, తెనాలిలో నేను పండితుడిగా చేరాక కూడా నా తప్పులు దిద్దిన ఆత్మీయుడు దివంగతులయ్యారన్న వార్త ఇప్పటికీ నా మనసుకు ఎక్కడం లేదు. ఆయన పాండిత్యవైభవాన్ని సంతాపసభల్లో చాలామంది ప్రస్తుతిస్తారు. నేను ఆయన పిచ్చి గురించి చెబుతాను.

విజయదశమినాడు ఆయన ఇంట ఆయుధపూజకు ఒక నియమం ఉండేది. పనిముట్లన్నీ కడిగి వరసగా పెట్టాక, ప్రతిదాన్నీ పేరుతో పిలిచి మరీ బొట్టు పెట్టాలి. నాగలి అంటే చాలదు. మేడి, కర్రు, నొగ అంటూ దేనికి దానికే పలకాలి. పేరు తెలియనిదానికి ఆ ఏటికి బొట్టు లేదు. "నాగలికి లేదేమో గానీ, పిల్లలకు ఆకలి ఉందండి" అని వంటింట్లోంచి ఆయన భార్య కామేశ్వరమ్మ గారు ఎత్తిపొడిచేవారు.

పొలాల్లోకి ట్రాక్టర్లు, కాలవగట్ల మీదకు ఆయిల్ ఇంజన్లు దిగుతున్న రోజులవి. చేలోకి నీళ్లు తోడే గూడ పేరు చెబితే, "గూడంటే ఏంటి సార్?" అని రైతుబిడ్డలే అడగడం మొదలుపెట్టారు. అప్పటినుంచి మూలనపడ్డ పనిముట్టు ఎక్కడ కనిపించినా మాస్టారు అడిగి తెచ్చుకునేవారు. అది చూసి బాపట్ల దగ్గర ఒక రైతు, పంతులుగారికి పొయ్యిలోకి కట్టెలు లేవు కాబోలని జాలిపడి బండెడు పాత కలప పంపించాడు. మాస్టారు అందులో ఒక్క పుల్ల కూడా పొయ్యిలో పెట్టనివ్వలేదు. పొద్దుగూకేదాకా కూర్చుని ఏరుకున్నారు.

అందులో దొరికింది ఆ తుమ్మచెక్క. జానెడు ఉంటుంది. ఒక కొసన బెజ్జం, నడుమ తాడు ఒరుసుకుపోయిన గాడి. చేతులు పట్టిపట్టి నున్నబడింది. "మా తాత ఏదో అనేవాడండి. ఇంజను వచ్చాక దాంతో పనేంటండి" అన్నాడు పంపిన రైతు. మాస్టారు దాన్ని చేతిసంచిలో వేసుకుని కొల్లిపర నుంచి వాడరేవు దాకా తిరిగారు. వడ్రంగులను అడిగారు, జాలరులను అడిగారు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లనూ వదల్లేదు. ఎవరికీ తెలియలేదు.

నేను విసిగి, "సంస్కృతంలో చక్కటి పేరొకటి పెట్టేయండి మాస్టారూ, మీకెంతసేపు?" అన్నాను.

"పెట్టొచ్చురా. కానీ దీంతో పనిచేసినవాళ్లు దీన్నలా పిలవలేదు కదా" అని నవ్వారు. ఏటేటా అది వరస చివర బొట్టు లేకుండానే కూర్చునేది.

పెద్దకర్మ అయ్యాక నేను బయలుదేరబోతుంటే కామేశ్వరమ్మ గారు ఆ చెక్క తెచ్చి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టారు.

"మా ఇంట ఈ ఏడు పండగ లేదు నాయనా. మీ ఇంట్లో పెట్టుకో."

"అలాగేనండి అమ్మగారూ. పండగనాడు బొట్టు పెట్టి పూజ చేస్తానండి."

"పేరు తెలిసిందా?"

"లేదండి."

"మరి బొట్టేంటి? ఆయన ఒప్పుకోరు" అంటూ ఆమె కళ్లు ఒత్తుకున్నారు.

అటువంటి గురువు మళ్లీ నాకు దొరకరు. ఆ లోటు ఎవరూ తీర్చలేరు. కానీ ఇది చదివినవారిలో ఎవరింటి పెద్దలకైనా ఈ చెక్క పేరు గుర్తుంటే, దయచేసి నాకు చెప్పండి. కుంకుమ భరిణె దాని పక్కనే పెట్టి ఉంచాను.