పక్క సీటామెకు తగ్గిన మంట

భూపాలపల్లి నుంచి కాటారం వెళ్లే బస్సులో పక్క సీటామె సీసాలో నీళ్లు గటగటా తాగి, నాకూ ఇవ్వబోయింది. తాగితే మూత్రంలో మంటని భయపడి, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాను.

“మంటనా అక్కా?” అని మెల్లగా అడిగింది. “నాకు గట్లనే ఉండె. దుకాణంల గోలీలు తెచ్చుకునుడు, జర తగ్గంగనే బంద్ జేసుడు. ఆఖరికి ఏ గోలీ పనిచెయ్యలే. దవాఖానల మూత్రం పరీక్ష జేసి, పనిచేసే మందు ఎంచి ఇచ్చిన్రు. ఇప్పుడు మంచిగున్న.”

రెండేళ్లుగా నేనూ అవే గోలీలు మింగుతున్నాను. ఆమెకు మాత్రం నయమైందని కుళ్లు పుట్టింది. దిగేటప్పుడు “పోయొస్త అక్కా” అంటే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

మర్నాడే పరీక్షకు వెళ్లాను. క్రిములు గోలీలకు అలవాటుపడి, నాకు పనిచేసేది ఒక్క సూదిమందే మిగిలిందన్నారు డాక్టరమ్మ. ఆ సూదులతోనే తగ్గింది. ఇన్నాళ్లూ కదలనిదానివి ఎందుకు వెళ్లావని మా ఆయన అడిగాడు. కుళ్లుకొని వెళ్లానని చెప్పలేకపోయాను.