కోత మిషన్ పక్కన హుస్సేన్‌బీ బల్ల

ఈరోజు బుధవారం.

నిన్న ఉదయం ఆరున్నరకు షమీమ్ ఫోన్ చేసింది. "అవ్వా, అమ్మ..." అని ఆగిపోయింది.

వాళ్ళమ్మ పనికి రాదని చెప్పడానికేమో అనుకున్నాను. "ఎన్ని రోజులు సెలవు?" అని అడిగాను.

మా పలకల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు పనిచేసిన హుస్సేన్‌బీ ఇక లేదు.

ఈ ఉదయం మా అబ్బాయి అన్నాడు, "సోమవారం నుంచి షమీమ్‌ని ఆ బల్ల కాడ కూర్చోబెడదామమ్మా. తల్లి చెవే ఆ పిల్లకీ వచ్చింది."

అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఆ బల్ల సంగతి షెడ్డులో పనిచేసే మీకందరికీ తెలియాలి.

మొదట్లో మేము పలకకు చెక్క ఫ్రేమ్ వేసి, మేకులు కొట్టి, చివర్లో చెకింగ్ చేసేవాళ్ళం. పగుళ్ళు అప్పుడు బయటపడేవి. రాయితో పాటు చెక్క, మేకులు, మనిషి శ్రమ అన్నీ వృథా.

బి.కామ్. చదివిన నేను ఆ వృథాను ఏళ్ళ తరబడి రిజిస్టరులో నీట్‌గా రాశాను. అంతే.

ఒకరోజు హుస్సేన్‌బీ ఫ్రేమ్ వేయని పలకను పట్టుకుని గోటితో తట్టింది.

"ఇనక్కా. మంచిది ఖంగుమంటది. పగులుంటే బొంగురు పోతది. ఫ్రేము ఏసినాక ఏడ్చేదేంది, ఏయకముందే ఇంటే పోలా?"

ఆ రోజు ఆమె పదకొండు పలకలు పక్కన పెట్టింది. నేను నమ్మలేదు. నీళ్ళలో ముంచి తీసి ఆరబెట్టాను. పదకొండింటి మీదా సన్నని తడి గీత మిగిలింది.

మరుసటి రోజే పద్ధతి మార్చాను. కోయగానే పలక ఆమె చేతికి రావాలని, కోత మిషన్ పక్కనే బల్ల వేయించాను.

ఆ చోటు ఎంచింది నేను.

అక్కడ రాతిపొడి పొగలా లేస్తుంది.

కొన్నేళ్ళకు ఆమెకు దగ్గు పట్టుకుంది. అప్పుడు ఇంకో ఐడియా చెప్పింది. "బ్లేడు మీద సన్నగా నీళ్ళు పడేటట్ల పైపు పెట్టియ్యక్కా. పొడి లెయ్యదు."

తడి పలకలు ఆరడం లేటవుతుంది, ఈ ఆర్డర్ పోనీ, చూద్దాం అన్నాను.

ప్రతి ఏడూ అదే అన్నాను.

పోయిన నెల తన ఛాతీ మీద గోటితో తట్టుకుంది. "ఇదీ బొంగురు పోయిందక్కా. ఇంక దీనికి ఫ్రేము దండగ" అని నవ్వింది.

నేను "పని చూడు" అన్నాను.

ఇక జరగవలసినవి:

1. నీళ్ళ పైపు బిగించేదాకా కోత మిషన్ ఆన్ చేయకూడదు. ఆర్డర్ ఇచ్చినవాళ్ళకు నేనే ఫోన్ చేస్తాను.

2. బల్ల వరండాలోకి మారాలి. పలకలు అక్కడికి మోసుకెళ్ళడం లేటైతే అవనీ.

3. షెడ్డులో పనిచేసే అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. అందరికంటే ముందు, ఫ్రేమింగ్‌లో ఉన్న షమీమ్‌కు. ఒంగోలుకు వెంట వెళ్ళేది నేను.

4. ఇవన్నీ అయ్యాక కూడా, ఆ బల్ల దగ్గర కూర్చోవాలో వద్దో షమీమే చెప్పాలి. కూర్చోమని ఆమెను ఎవరూ అడగకూడదు.

5. హుస్సేన్‌బీ, నీకు ఇక డ్యూటీ లేదు. పొడి లేని చోట నిమ్మళంగా ఊపిరి పీల్చుకో తల్లీ.