క్యాలెండర్ కింద చెరిపేసిన పేరు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. నా భార్యకు చెప్పలేదు. స్నేహితులకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి రెండుసార్లు లేచి వెళ్లిపోయాను.

అప్పుడు కడపలో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. వెబ్‌సైట్లు చేసిచ్చేవాళ్లం. ఉన్నది ముగ్గురమే: మా సారు, నేను, సావిత్రి. సావిత్రిది కర్నూలు జిల్లా కోసిగి. వాళ్ల అమ్మానాన్నలు ఏటా సుగ్గికి పోయేవాళ్లు. అంటే ఊళ్లో పనుల్లేక, గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం సంపాదించిన మొదటి మనిషి ఆ పిల్లే.

ఒక కళ్యాణ మండపానికి సైటు చేస్తున్నాం. ఏ రోజు ఖాళీగా ఉందో చూపించే క్యాలెండర్ కావాలి, ముహూర్తాల రోజులు ఎర్రగా కనబడాలి. దాని ప్రోగ్రామ్ మేమే రాయాలంటే నెల పడుతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిపెట్టింది దొరికితే తెచ్చి అతికించేశాను. దాని లైసెన్స్, అంటే వాడుకునే షరతులు, చదివింది సావిత్రి. నాకా అలవాటే లేదు. క్యాలెండర్ కింద దాన్ని రాసినాయన పేరు కనబడుతుంటేనే ఉచితమనీ, పేరు తీసేయాలంటే లైసెన్స్ కొనాలనీ ఆమె నాకు స్పష్టంగా చెప్పింది.

మండపం యజమానికి ఆ పేరు నచ్చలేదు. తన మండపం పేజీలో ఎవడో ముక్కూమొహం తెలియనివాడి పేరేమిటని ఫోన్లో ఎగిరాడు. సారు ఆ రోజు కర్నూలు వెళ్లారు. కొందామా అని ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. ఎందుకు చేయలేదు? బద్ధకమా? కడపలో ఎవడు చూడొచ్చాడులే అన్న పొగరా? మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ మీద నడిచేది ఒక్క సావిత్రి కంప్యూటరే. ఆమె అన్నానికి వెళ్లింది. నేను ఆ కుర్చీలో కూర్చుని, ఆ పేరున్న వరుస చెరిపేసి, సైటులో ఎక్కించేశాను. మార్పు ఏ కంప్యూటర్ నుంచి వెళితే అది వాడే మనిషి పేరే నమోదవుతుందన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు. ఒట్టు. అంతవరకే అయితే మీకు ఇంత కథ చెప్పేవాణ్ణే కాదు.

కొన్ని నెలలకు క్యాలెండర్ రాసినాయన, తన పేరెందుకు తీసేశారని మెయిల్ పెట్టాడు. మర్యాదగానే రాశాడు, కానీ మండపం వాళ్లకూ పంపాడు. యజమాని మమ్మల్ని దొంగలన్నాడు. ఇస్తానన్న ఇంకో పని కూడా ఇవ్వనన్నాడు. సారు మండిపోతూ మార్పుల జాబితా తెరిచారు.

"ఏమ్మా, ఈడ నీ పేరే ఉండాది కదా!"

"నేను కాదు సార్. తీయొద్దని చెప్పిందే నేను."

"ఎవురికి చెప్పినావు?"

ఆమె నా వైపు చూసింది. నా అంతట నేనే చెబుతానని ఎదురుచూసిందేమో. సారు నావైపు తిరిగారు.

"ఏమప్పా, నీకు చెప్పిందా?"

"గుర్తులేదు సార్."

అంతే. రెండు ముక్కలు. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు. ఆ ఏడు తనూ సుగ్గికి పోయిందని ఎవరో అన్నారు. నిజమో కాదో కనుక్కునే దమ్ము నాకు లేకపోయింది. నాకు ఏమయింది? ఏమీ కాలేదు. పైకొచ్చాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు, ముందు లైసెన్స్ చదవండయ్యా అని పాఠాలు చెబుతున్నాను. ఛీ, సిగ్గుండాలి!

నిన్న సారుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నవ్వారు. "ఇప్పుడెందుకప్పా అదంతా, శానా దినాలాయె" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. సావిత్రి నంబరు సంపాదించాను, నొక్కబోయి ఆగుతున్నాను. ఆమెను క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా ఇది రాశాక, ఎన్నాళ్లకో నిండుగా ఊపిరి పీల్చుకున్నట్టుంది.

సావిత్రి ఆ రోజు చెప్పింది అక్షరాలా నిజం. ఆమె నాకు చెప్పింది. ఆ గదిలో ఏ ఫ్యాను తిరుగుతోందో, ఆమె ఎంతసేపు నా మొహంలోకి చూసిందో, నాకు అన్నీ గుర్తున్నాయి.